వాడొచ్చు, కొనకూడదు!

గంజాయి అనగానే మనకు గుర్తొచ్చేవి చెక్‌పోస్టులు, ఏజెన్సీ రోడ్ల మీద పట్టుబడ్డ బస్తాల వార్తలు, కాలేజీ గోడల మీది హెచ్చరిక పోస్టర్లు. అది మందు కూడా అంటే నవ్వేవాళ్లే ఎక్కువ. కానీ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2008లో జనం ఓటు వేసి మరీ రోగులకు గంజాయి వాడుకునే హక్కు ఇచ్చారు. నూటికి 63 మంది అవునన్నారు. అయిదేళ్లు తిరక్కుండానే, 2013 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని అమ్మే డిస్పెన్సరీలు మూతపడేలా తీర్పు చెప్పింది. గంజాయి మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు. నా ప్రశ్న ఒక్కటే: హక్కు ఇచ్చి దారి మూసేస్తే అది హక్కేనా?

ముందు కేసు చూద్దాం. మౌంట్ ప్లెజెంట్ అనే ఊళ్లో 2010లో ఒక డిస్పెన్సరీ తెరిచారు. కార్డున్న రోగులు, వాళ్లకు మొక్కలు పెంచి ఇచ్చే సహాయకులు అక్కడ లాకర్లు అద్దెకు తీసుకుని, తమ దగ్గర మిగిలింది దాచేవారు. అవసరమైన వేరే రోగులు వచ్చి కొనుక్కునేవారు. అమ్మిన ధరలో 20 శాతం దుకాణానికి. ఇది చట్టవిరుద్ధమని ప్రభుత్వ న్యాయవాది కోర్టుకెక్కాడు.

సుప్రీంకోర్టు 4–1 తేడాతో ఆయన పక్షాన నిలిచింది. కోర్టు చెప్పిన లాజిక్ వినండి. వైద్య వినియోగం అన్న మాటలో అమ్మకం కూడా ఉందట. కానీ తన జబ్బు తగ్గించుకోవడానికి చేసే పనికే చట్టం రక్షణ ఇస్తుంది. ఇంకొకరికి అమ్మితే అమ్మినవాడి జబ్బు తగ్గదు కదా! కాబట్టి ఒక రోగి ఇంకో రోగికి అమ్మడం కుదరదు.

ఇక రోగికి మిగిలినవి రెండే దారులు. సొంతంగా 12 మొక్కల దాకా పెంచుకోవాలి, లేదా అయిదుగురికి మించి చూసుకోకూడని సహాయకుణ్ని వెతుక్కోవాలి. మొక్క పెరిగి చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కీమోథెరపీ వాంతులతో మంచం పట్టినవాడు విత్తనం నాటి కూర్చోవాలా? పోనీ మామూలు మందుల షాపుకి వెళ్దామంటే కేంద్ర చట్టం 1970లోనే గంజాయిని అత్యంత కఠినమైన జాబితాలో పెట్టింది. డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వగలడు గానీ చీటీ రాయలేడు. అందుకే డిస్పెన్సరీ అవసరమైంది.

అవతలి వాదనలోనూ పస లేకపోలేదు. నడుం నొప్పి అని కార్డు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. మా వీధిలో ఈ దుకాణం వద్దనే హక్కు ఊరివాళ్లకు లేదా? అదే ఏడాది మే నెలలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు రివర్‌సైడ్ కేసులో నగరాలు డిస్పెన్సరీలను పూర్తిగా నిషేధించవచ్చని ఏకగ్రీవంగా తేల్చింది. దుకాణం ఎక్కడుండాలి, ఎన్ని గంటలు తెరవాలి అని నగరం చెప్పడం సబబే. అసలే వద్దంటే మాత్రం, కారు నడపలేని రోగి పక్క ఊరికి ఎలా వెళ్తాడు?

అయినా జడ్జీలను తిట్టి లాభం లేదు. వాళ్లు రాసి ఉన్నది చదివారు. మిషిగన్ చట్టంలో డిస్పెన్సరీ ఊసే లేదు. మన భాషలో చెప్పాలంటే సర్క్యూట్లో బ్యాటరీ పెట్టారు, బల్బు పెట్టారు, వైరు మర్చిపోయారు. చివరికి 2016లో శాసనసభ లైసెన్సులు, ల్యాబ్ పరీక్షలతో కొత్త చట్టం చేసింది. మరి మధ్యలో గడిచిన మూడున్నరేళ్లు? జబ్బు శాసనసభ సమావేశాల కోసం ఆగదు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. మన దేశంలో నల్లమందు చట్టబద్ధంగా పండుతుంది. దాన్నుంచే మార్ఫిన్ వస్తుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వైద్యానికి మినహాయింపు ఇచ్చింది కూడా. కానీ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు, లైసెన్సు మీద లైసెన్సు. ఆ తలనొప్పి ఎందుకని చాలా ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లు నొప్పితో కేకలు పెడుతూ పోయారు. 2014లో సవరణ చేస్తే గానీ నిబంధనలు సడలలేదు. అప్పటికి కాగితం మీద మినహాయింపు వచ్చి 29 ఏళ్లయింది, మంచం పక్కన మాత్రం మందు లేకపోయింది!

దుర్వినియోగం భయం నిజమే. దానికి లెక్కలు, తనిఖీలు, లైసెన్సులు ఉన్నాయి. తలుపు మూసేస్తే దొంగదారి తెలిసినవాడికి ఏ నష్టమూ లేదు. చట్టాన్ని నమ్మి కార్డు తీసుకున్న రోగే బయట నిలబడిపోతాడు. రేపు మనలో ఎవరైనా సివిల్స్ రాసి ఇలాంటి రూల్స్ తయారుచేసే కుర్చీలో కూర్చోవచ్చు. అప్పుడు సంతకం పెట్టే ముందు ఒక్క పని చేయండి. లేవలేని రోగి ఒకణ్ని ఊహించుకుని, ఆ రూల్ ప్రకారం మందు అతని చేతికి ఏ రోజుకి, ఎవరి ద్వారా, ఎంత ఖర్చుతో చేరుతుందో కాగితం మీద గీసి చూడండి. గీత మధ్యలో తెగితే, ఆ రూల్ ఇంకా పూర్తి కాలేదన్నమాటే.