అసలు డ్రాయింగు ఏది?

కిందటి వారం బాలానగర్‌లో ఒక మిత్రుణ్ణి చూడబోయాను. యంత్రభాగాలకు డ్రాయింగులు తయారుచేసే ఎనమండుగురు ఇంజనీర్లకు ఆయన పెద్ద. మనిషి దిగులుగా కూర్చున్నాడు. సంగతేమిటంటే, వర్కుషాపువారు నలభై ఉక్కుముక్కలు పాత డ్రాయింగు చూసి కోసేశారు. కంప్యూటరులో కొత్తదాని పేరు ‘ఫైనల్’, పాతదాని పేరు ‘అసలు ఫైనల్’. పాపం, వాళ్ళ తప్పేముంది?

‘‘డ్రాయింగులు భద్రపరిచే సాఫ్టువేరు ఒకటి కొనేస్తానండీ. ఏది మంచిది?’’ అన్నాడు.

ఇలాంటి చిక్కు ఆయనొక్కడికే వచ్చింది కాదు. ఎయిర్‌బస్ వారి ఏ380 రెండంతస్తుల విమానంలో తీగల పొడవు 500 కిలోమీటర్ల పైమాటే. కాటియా అనే సాఫ్టువేరులో హాంబర్గువారు నాలుగో కూర్పు, టూలూజ్‌వారు ఐదో కూర్పు వాడారు. ఒకచోటి మార్పులు రెండోచోటికి సరిగా చేరలేదు. తీరా బిగించబోతే తీగలు చాలలేదు! 2006లో రెండుసార్లు గడువు వాయిదాపడింది. మొదటి విమానం 2007 అక్టోబరులో గాని కొన్నవారి చేతికి రాలేదు. ఆ ఇంజనీర్లు తెలివితక్కువవారా? కాదు. అందరి ముందూ ఒకే డ్రాయింగు లేకపోవడమే వచ్చిన చిక్కు.

అందుచేత కొనేముందు మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది తాళం. ఒక వ్యాసాన్ని ఇద్దరు దిద్దితే రెంటినీ కలపవచ్చు. యంత్రభాగం ఆకారాన్ని అలా కలపడం కుదరదు. ఒకరు డ్రాయింగు తీసుకున్నాక మిగతావారు చూడవచ్చుగాని ముట్టుకోరాదు. తిరిగి అప్పగించినప్పుడు పాతది చెరిగిపోకుండా కొత్తదానికి కొత్త అంకె పడాలి.

రెండోది చుట్టరికం. పంపు డ్రాయింగులో ఇరుసు, బోల్టు, పైతొడుగు వేరువేరు ఫైళ్ళు. బోల్టు ఫైలు పేరు మారిస్తే పంపు డ్రాయింగు ఆ బోల్టును గుర్తుపట్టదు. మామూలు ఫోల్డరుకు ఈ బంధుత్వం తెలియదు. ఇన్వెంటరుతో గీసేవారికి వాల్ట్, సాలిడ్‌వర్క్స్‌తో గీసేవారికి దాని పి.డి.ఎం. దగ్గరి చుట్టాలు. పక్కవాడు కొన్నాడని మనమూ కొనడం కాదు, మనం దేనితో గీస్తున్నామో చూసుకోవాలి.

మూడోది బయటికి దారి. రేపు ఈ సాఫ్టువేరు వదిలేస్తే మన సరుకు మనకు దక్కుతుందా? 1994లో వెలువడిన స్టెప్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది గదా అంటారు. దానివల్ల ఆకారం చేరుతుంది. కాని దాన్ని ఏ వరసలో గీశారో ఆ చరిత్ర సాధారణంగా చేరదు. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు ఒప్పుకున్నారో ఆ పట్టీ కూడా బయటికి వస్తుందా అని అమ్మేవారిని ముందే అడగాలి.

అమ్మేవారి ప్రదర్శన పెళ్ళిచూపుల వంటిది. ఆ పూట అందరూ బుద్ధిమంతులే! మీ దగ్గరున్న డ్రాయింగుల్లో అన్నిటికన్నా చిక్కైనదాన్ని ఇచ్చి, మీ కుర్రవాళ్ళచేత, మీ పాత కంప్యూటర్లమీదే ఒక నెల నడిపించి చూడండి. కాపురం సంగతి అప్పుడు తెలుస్తుంది.

‘‘సరే, ఈలోగా నన్నేం చెయ్యమంటారు?’’ అన్నాడు మిత్రుడు.

‘‘ఆ ఉక్కుముక్కకు ఆఖరి డ్రాయింగు ఏదో ఎనమండుగురినీ విడివిడిగా అడిగి చూడండి’’ అన్నాను.

మరునాడు ఫోను చేశాడు. మూడు జవాబులు వచ్చాయట! సాఫ్టువేరు ఇంకా కొనలేదుగాని, జబ్బేమిటో మాత్రం తెలిసింది.