కాటాకు అందని కుర్రాళ్ళు

"ఒడ్డూ పొడుగూ నేర్పితే వచ్చేవి కావు." అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లు తరచుగా అనే మాట ఇది. హైస్కూల్ కుర్రాడిని అఫెన్సివ్ లైన్‌లోకి తీసుకోవాలా వద్దా అన్న చర్చ ఎక్కడ మొదలైనా ఈ మాటతోనే ముగుస్తుంది. ఆరడుగుల ఐదంగుళాలు ఉన్నాడా? మూడొందల పౌండ్లు, అంటే 136 కిలోలు, తూగుతాడా? చెయ్యి పొడవు 34 అంగుళాలకు తగ్గకుండా ఉందా? ఉంటే, హైస్కూల్ కుర్రాళ్ళకి రేటింగ్ ఇచ్చే రిక్రూటింగ్ సైట్లలో నాలుగు స్టార్లో ఐదు స్టార్లో పడతాయి. లేకపోతే రెండు స్టార్లు వేసి పక్కన పెడతారు. ఈ పద్ధతి తప్పని నా వాదన. మిగతా స్థానాల మాట నేను ఎత్తడం లేదు. ఈ ఒక్క స్థానానికి మాత్రం టేపూ కాటా పెట్టి కుర్రాడిని ఎంచడం అన్యాయం, పైగా తెలివితక్కువ పని.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు అయిదుగురు వరసగా నిలబడతారు, ఆ వరసే అఫెన్సివ్ లైన్: మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ ఇద్దరు గార్డులు, చివర్లలో ఇద్దరు టాకిల్స్. బంతి పట్టుకుని పరిగెత్తడం వీళ్ళ పని కాదు. ఎదుటి జట్టువాళ్ళు తమ క్వార్టర్‌బ్యాక్ మీదికి రాకుండా ఆపడం, తమవాడు పరిగెత్తడానికి దారి చెయ్యడం వీళ్ళ పని. పరిగెత్తినవాడికి గజాల లెక్క ఉంటుంది. పట్టుకున్నవాడికి క్యాచ్‌ల లెక్క, పడగొట్టినవాడికి ఎన్నిసార్లు పడగొట్టాడన్న లెక్క ఉంటాయి. మర్నాటి పేపర్లో లైన్‌మన్ పేరు పక్కన ఏ అంకే ఉండదు. అసలు జబ్బు ఇక్కడే పుట్టింది. ఆటలో అతనికి అంకెలు లేవు కాబట్టి ఒంట్లో దొరికే అంకెలు పట్టుకున్నారు. ఎత్తు, బరువు, చెయ్యి పొడవు సులువుగా దొరుకుతాయి, పట్టికలో ఇట్టే ఇముడుతాయి.

నేను డాలస్‌కు ఉత్తరాన ఉంటాను. తెలుగువాళ్ళు వేల సంఖ్యలో ఉన్న ఊళ్ళు ఇవి. మా పిల్లల్లో ఈ ఆట ఆడేవాళ్ళు తక్కువ గానీ, మార్చింగ్ బ్యాండ్‌లో వాయించేవాళ్ళు చాలామంది. మా అమ్మాయి క్లారినెట్ వాయించిన నాలుగేళ్ళూ ప్రతి శుక్రవారం రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను. మొదటి ఏడాది అందరిలాగే బంతి వెంట చూశాను. రెండో ఏడాది పక్క సీట్లో కూర్చునే పెద్దాయన, పాతికేళ్ళు స్కూల్లో కోచింగ్ చేసినాయన, "బంతిని వదిలేసి ఆ ఎడమ చివర కుర్రాడి కాళ్ళు చూడు" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఆటే మారిపోయింది.

ఆ ఎడమ టాకిల్ కొండలా ఉండేవాడు. రిక్రూటింగ్ సైట్లలో అతనికి నాలుగు స్టార్లు. అతని హైలైట్ వీడియోలో ఎదుటివాళ్ళు అట్టుల్లా తిరగబడి పడుతుంటారు. ఇక్కడ ఆ దెబ్బని పాన్‌కేక్ అనే అంటారు. కానీ పడినవాళ్ళు ఎవరు? అతని బరువులో సగం ఉన్న పిల్లలు. ఒక రాత్రి అవతలి జట్టులో చురుకైన డిఫెన్సివ్ ఎండ్ ఒకడు దిగాడు. బంతి కదలగానే మా కొండ నడుము దగ్గర ముందుకు వంగాడు, తల ముందుకు పోయింది, కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. వచ్చినవాడు భుజం కిందుగా దూరి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టాడు. మూడో క్వార్టర్‌లోనూ అదే కథ, నాలుగో క్వార్టర్‌లోనూ అదే కథ. ఆ వీడియోలో ఈ రాత్రి లేదు.

కుడి గార్డుగా ఆడే ఇంకో కుర్రాడు అతనికంటే అరడుగు పొట్టి. స్టార్లు లేవు. బంతి కదిలిన క్షణాన అతని మొదటి అడుగు చాలా చిన్నది, జానెడు కూడా ఉండదు. పాదం వెంటనే నేలకు ఆనుతుంది. మోచేతులు పక్కటెముకలకు అంటుకుని ఉంటాయి, రెండు చేతులూ ఎదుటివాడి ఛాతీ మీద, లోపలి వైపు పడతాయి. ఎదుటివాడు బలంగా నెడితే వెనక్కి జరుగుతాడు, ఒక అడుగు, రెండడుగులు. ఆ రెండో అడుగులో నడుము కిందికి దిగుతుంది, కుర్చీలో కూర్చుంటున్నట్టు, అక్కడితో ఆ తోపు ఆగిపోతుంది. ఒకసారి అతనూ ఓడాడు. ఎదుటివాడు గిర్రున తిరిగి తప్పించుకుపోయాడు. తరవాతి ఆటలో అదే ఎత్తు మళ్ళీ వేస్తే ఈసారి గార్డు వాడికంటే ముందే అక్కడున్నాడు. ఓటమికీ ఆ జవాబుకీ మధ్య ముప్ఫై, నలభై సెకన్లు గడిచి ఉంటాయి. నేను కోచ్‌నైతే ఆ సెకన్లకే స్కాలర్‌షిప్ ఇస్తాను.

నిజానికి బరువు వస్తుంది. పదిహేడేళ్ళకు 240 పౌండ్లున్న పొడుగు కుర్రాడు కాలేజీ భోజనశాలలో, కాలేజీ జిమ్‌లో మూడేళ్ళుంటే 300 దాటడం మామూలే. నడుము వంగకుండా మోకాలు వంచగలగడం, తగిలిన దెబ్బకు కాలితో బదులు చెప్పగలగడం అలా తిండితో వచ్చేవి కావు. కోచ్‌ల సామెత తిరగేస్తేనే నిజమవుతుంది.

2013 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టు, అంటే ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే తంతు, చూడండి. మొదటి నాలుగు ఎంపికల్లో ముగ్గురు టాకిల్సే. అందరికంటే ముందు, మొట్టమొదటి పేరుగా పిలిచింది ఎరిక్ ఫిషర్‌ని. హైస్కూల్లో అతనికి రెండు స్టార్లు. పెద్ద కాలేజీలు పట్టించుకోలేదు, సెంట్రల్ మిషిగన్‌లో చేరాడు. నాలుగో పేరు లేన్ జాన్సన్. టెక్సస్‌లో గ్రోవ్‌టన్ అనే చిన్న ఊరు, స్కూల్లో అతను క్వార్టర్‌బ్యాక్! కిల్గోర్ జూనియర్ కాలేజీకీ క్వార్టర్‌బ్యాక్‌గానే వెళ్ళాడు. ఓక్లహామాలో టైట్ ఎండ్‌గా, డిఫెన్సివ్ ఎండ్‌గా ప్రయత్నించాక చివరికి టాకిల్ అయ్యాడు.

2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన ఫిలడెల్ఫియా ఈగిల్స్ లైన్‌లో ఈ జాన్సనే కుడి చివర ఉన్నాడు. ఎడమ చివర జోర్డన్ మైలాటా, ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడుకున్నవాడు. 2018లో ఏడో రౌండ్‌లో ఎంపికయ్యేనాటికి ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడలేదు. మధ్యలో కామ్ జర్గెన్స్, నెబ్రాస్కా యూనివర్సిటీకి టైట్ ఎండ్‌గా వచ్చినవాడు. ఛాంపియన్ జట్టు లైన్‌లో అయిదుగురుంటే ముగ్గురు కాలేజీలో చేరే వయసుకి అఫెన్సివ్ లైన్‌మెన్ కానేకారు. మైలాటా ఆకారం చూసే తీసుకున్నారు కదా అనవచ్చు. ఆకారంతోపాటు ఆ కాళ్ళు పరిగెత్తడానికీ, మలుపు తిరగడానికీ రగ్బీలో అలవాటు పడ్డాయి. పైగా అతనికి నేర్పడానికి ఓపికున్న కోచ్ దొరికాడు.

చెయ్యి పొడవు సంగతి. నార్త్‌వెస్టర్న్ టాకిల్ రాషాన్ స్లేటర్ చేతులు 33 అంగుళాలు. టాకిల్‌కి చాలవు, గార్డుగా ఆడించాలని ఎంతోమంది అన్నారు. 2021లో ఛార్జర్స్ అతన్ని మొదటి రౌండ్‌లో తీసుకుని మొదటి ఏడాదే ఎడమ టాకిల్‌గా ఆడించారు. అదే ఏడాది అతను, లీగ్‌లో మేటివాళ్ళను ఎంచే ఆల్-ప్రో రెండో జట్టులో ఉన్నాడు. హైస్కూల్లో అతనికి ఉన్నవి మూడు స్టార్లే.

మన ఊళ్ళలో కుస్తీ చూసినవాళ్ళకి ఇదేమీ వింత కాదు. గోదాలో లావుపాటివాడిని చూసి పందెం కాసినవాడు ఎప్పుడో ఒకప్పుడు నష్టపోతాడు. ఇక్కడా కుస్తీ పట్టిన కుర్రాడు లైన్‌లో రాణిస్తాడని అయోవా యూనివర్సిటీవాళ్ళు ఏనాడో గ్రహించారు. మౌంట్ వర్నన్ అనే చిన్న ఊరి నుంచి వాళ్ళ దగ్గరికి వచ్చిన ట్రిస్టన్ వర్ఫ్స్ 2017లో ఆ రాష్ట్ర హైస్కూల్ హెవీవెయిట్ కుస్తీ గెలిచాడు. ఆ వర్గానికి హద్దు 285 పౌండ్లు, అందులో దిగడానికి అతను బరువు తగ్గించుకోవలసి వచ్చింది. షాట్‌పుట్, డిస్కస్ కూడా విసిరేవాడు. 2020లో మొదటి రౌండ్‌లో టాంపా బే తీసుకుంది, ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచారు. అంతకు ముందు తరంలో స్టీఫెన్ నీల్ కాలేజీలో ఫుట్‌బాలే ఆడలేదు. 1999లో ప్రపంచ ఫ్రీస్టైల్ కుస్తీ ఛాంపియన్ అయ్యాడు, తరవాత పేట్రియట్స్‌కి ఏళ్ళ తరబడి గార్డుగా ఆడాడు. ఇంత కంటికి కనబడుతున్నా, రిక్రూటింగ్ పేజీల్లో కుర్రాడి బరువు పై వరసలో ఉంటుంది. కుస్తీ ఆడతాడా అన్నది ఎక్కడో అడుగున ఉంటుంది, ఉంటే.

కొలతల తరవాత స్టార్లు నిర్ణయించేవి వేసవి క్యాంపులు. అక్కడ నిక్కర్లతో, ప్యాడ్లు లేకుండా ఒకడికి ఒకడిని ఎదురుగా నిలబెడతారు. పక్కన గార్డు సాయం ఉండదు, క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేసే వేళ అంటూ ఉండదు, మూడో ప్రయత్నానికి ఎన్ని గజాలు కావాలో ఉండదు. ఎదుటివాడికి మైదానమంతా ఖాళీ. పరుగుకి దారి తెరిచే పని, లైన్‌మన్ ఆటలో సగం, అక్కడ కనపడదు. ఇక వేసవంతా టెక్సస్‌లో జోరుగా సాగే సెవెన్-ఆన్-సెవెన్ పోటీల్లో లైనే ఉండదు. ఒక కుర్రాడి నాలుగేళ్ళ చదువు ఖర్చు తేల్చే తీర్పు ఇలాంటి మధ్యాహ్నాల మీద ఆధారపడుతోంది.

ఎదుటి పక్షం దగ్గర బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. ఐదు స్టార్లవాళ్ళు మొత్తం మీద తక్కువ స్టార్లవాళ్ళకంటే ఎక్కువ నిష్పత్తిలో డ్రాఫ్టుకి వెళ్తారు. నిజం. లారెమీ టన్సిల్ ఐదు స్టార్లతో వచ్చి మొదటి రౌండ్‌లో వెళ్ళాడు, ఇప్పటికీ మంచి టాకిల్‌గా పేరుంది. కానీ ఐదు స్టార్ల కుర్రాడికి మంచి కోచ్, మంచి జిమ్, తప్పు చేసినా మళ్ళీ అవకాశం దొరుకుతాయి. రెండు స్టార్లవాడికి ఒక్క తప్పు చాలు, బెంచీ మీదికి పోవడానికి. పెద్ద కాలేజీ ఆఫర్ ఇచ్చిందన్న వార్త రాగానే కుర్రాడి స్టార్లు పెరగడం ఎన్నోసార్లు చూశాం. కాలేజీ స్టార్లను చూస్తుంది, స్టార్లు కాలేజీని చూస్తాయి. రిక్రూటింగ్ సైట్ 247స్పోర్ట్స్ ఏటా ఐదు స్టార్లు ఇచ్చేది సుమారు 32 మందికి, ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి రౌండ్‌లో 32 ఎంపికలుంటాయి కాబట్టి. అంటే పదిహేడేళ్ళ పిల్లవాడి మీద నాలుగైదేళ్ళ తరవాతి జోస్యం అన్నమాట. పరుగు వీరుడికి ఆ జోస్యం కొంతైనా నప్పుతుంది, ఆ వయసుకే అతని వేగం తేలిపోతుంది. లైన్‌మన్ ఒళ్ళు ఇరవై ఏళ్ళు దాటాక గానీ కుదురుకోదు.

పోనీ, పొరపాటు పడినా తరవాత దిద్దుకుంటారులే అనే ధీమా ఉండేది. జేసన్ కెల్సీ కథ ఆ ధీమాకి ఆధారం. స్కాలర్‌షిప్ లేకుండా, వాక్-ఆన్‌గా సిన్సినాటిలో చేరాడు, లైన్‌బ్యాకర్‌గా వచ్చి లైన్‌లోకి మారాడు. 2011లో ఆరో రౌండ్‌లో 191వ ఎంపిక. సెంటర్‌కి కూడా చిన్నవాడన్నారు. ఆరుసార్లు ఆల్-ప్రో మొదటి జట్టులో నిలిచి, 2024లో రిటైరయ్యాడు. ఎవరూ పిలవకపోయినా తలుపు తట్టి లోపలికి రావడానికి అతనికి దారి ఉంది.

ఇప్పుడు ఆ దారి సన్నబడుతోంది. కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం 2025 నుంచి, అందులో చేరిన కాలేజీల ఫుట్‌బాల్ జట్లలో మొత్తం 105 మందే ఉండాలి. అంతకుముందు స్కాలర్‌షిప్పులకి 85 హద్దు ఉన్నా, సొంత ఖర్చుతో చేరే వాక్-ఆన్‌లను అదనంగా పెట్టుకునేవారు. ఇక అంత చోటు లేదు. మరో వైపు, ఆటగాళ్ళు కాలేజీ మారడానికి వీలిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక, "పెంచుకోవడానికి మాకు టైమ్ లేదు, తయారైనవాడిని తెచ్చుకుంటాం" అంటున్నారు కోచ్‌లు. తయారైనవాడిని ఎక్కడో ఎవరో ఓపిగ్గా తయారు చేసి ఉండాలి కదా! అందరూ కోతకే వస్తే నాటేదెవరు? మొదటి అంచనా తప్పితే దిద్దుకునే చోటే లేనప్పుడు, ఆ మొదటి అంచనాలో ఇంత బద్ధకం తగదు.

బరువు మోజులో ఇంకో నష్టం ఉంది, అది కుర్రాళ్ళ ఒంటి మీద పడుతుంది. మా గార్డుకి ఒక కాలేజీ నుంచి ఇ-మెయిల్‌లో వచ్చిన జవాబు, నలభై పౌండ్లు పెరిగి కనపడమని. వాళ్ళమ్మ స్టేడియం బయట మాతో అంది: "రాత్రి పదింటికి లేపి మళ్ళీ తినిపిస్తున్నాను." ఎన్‌ఎఫ్‌ఎల్ టాకిల్ జో థామస్ వరసగా 10,363 స్నాప్‌లు (బంతి కదిలిన ప్రతిసారీ ఒక స్నాప్) ఆడి, రిటైరైన వెంటనే చేసిన పని యాభై పౌండ్ల దాకా దించుకోవడం. ఆ బరువు ఆటకోసం మోసిందని ఆయనకు తెలుసు, ఆయనకి దాని ప్రతిఫలం దక్కింది. ఒక ఇ-మెయిల్ కోసం పదిహేడేళ్ళవాడు ఎందుకు మోయాలి?

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. హైలైట్ వీడియోతో పాటు, కుర్రాడు బాగా ఓడిన మ్యాచ్ మొత్తం అడగండి, నాలుగో క్వార్టర్‌తో సహా. శీతాకాలంలో అతను కుస్తీ పడుతుంటే, బాస్కెట్‌బాల్ ఆడుతుంటే వెళ్ళి చూడండి. పదో తరగతిలో ఆఫర్ ఇచ్చి డిసెంబర్‌లో సంతకం పెట్టించే తొందరలో, లైన్‌కి ఉంచిన స్కాలర్‌షిప్పుల్లో ఒకటి రెండైనా ఆఖరి ఏడాది ఆటలు ముగిసేదాకా ఆపి ఉంచండి. ఎదుగుతున్న ఒంటికి ఆ కొన్ని నెలలు చాలా ఎక్కువ.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. వచ్చే శుక్రవారం బ్యాండ్ కోసం వెళ్ళినప్పుడు, ఒక్క క్వార్టర్ సేపు బంతిని వదిలేసి ఆ అయిదుగురి కాళ్ళు చూడండి. పేరు ఎవరూ పలకని కుర్రాడు ఒకడు బాగా ఆడుతూ కనిపిస్తే, ఆట అయ్యాక వాళ్ళ కోచ్‌కి ఆ మాట చెప్పండి. మా గార్డు గురించి మేం నలుగురం చెప్పాం. ఆయన మొత్తం మూడు మ్యాచ్‌ల వీడియో ఒక చిన్న కాలేజీకి పంపాడు. ఆ అబ్బాయి ఇప్పుడు అక్కడ సెంటర్.