కొత్త పలక మీద ఆదితాళం!

పలకలనగానే గుర్తొచ్చే ఊరు మార్కాపురం. అక్కడి రాతిపలకల మీద ఎంతమంది అఆలు దిద్దారో! తప్పు రాస్తే తుడిచి మళ్లీ దిద్దడమే. ట్యాబ్లెట్‌లో గ్రూవ్‌బాక్స్ ఆప్‌తో సంగీతం నేర్చుకోవడమూ అలాంటిదే.

డ్రమ్స్, బేస్, కీబోర్డు... అన్నీ ఒకేచోట ఉండే వాద్యమే గ్రూవ్‌బాక్స్. జపాన్ సంస్థ రోలాండ్ 1996లో తెచ్చిన ఎంసీ-303తో ఆ పేరు వాడుకలోకి వచ్చింది. 2010లో కోర్గ్ సంస్థ 'ఐఎలక్ట్రైబ్'ను ఐప్యాడ్‌లోకి తెచ్చింది.

ఇలాంటి ఆప్‌లలో సాధారణంగా వరసగా 16 గళ్లుంటాయి. ఏ గడిని తాకితే అక్కడ డ్రమ్ము మోగుతుంది. చివరి గడి అయ్యాక మళ్లీ మొదటికే. ఇది మనకు కొత్తేం కాదు. ఆదితాళానికి 8 అక్షరాలు, అక్షరానికి రెండు గళ్లు. చేత్తో తాళం వేసేటప్పుడు 1, 5, 7 అక్షరాల దగ్గర దెబ్బ పడుతుంది కదా! ఇక్కడ 1, 9, 13 గళ్లు నొక్కితే సరి. మిగిలిన గళ్లలో నచ్చిన చప్పుళ్లు చేర్చుకోవచ్చు.

అయితే ఒక్క మాట. చెక్కభజనలో పాట ఊపందుకుంటే అడుగూ వేగం పెంచుతుంది. యంత్రానికి ఆ ఊపు తెలియదు, చెప్పిన వేగంతోనే తిరుగుతుంది. అందుకే ముందు చేత్తో తాళం వేయడం రావాలి. ఆ తర్వాతే గళ్ల జోలికి వెళ్లాలి. తప్పు పోయిందా... తుడిచి మళ్లీ దిద్దండి!