తైకాన్ చిత్రించిన కొండలు

స్వదేశ చిత్రకళ యనగానే మనవారికి వంగదేశమును, అవనీంద్రనాథ ఠాకూరును స్ఫురించుట సహజము. ఆ వంగరీతిలో రంగులు మంచువలె కాగితముపై పరచుకొను విధానమునకు జపాను చిత్రకారుల సహవాసము కారణమని యెరిగినవారు మాత్రము కొలదిమంది. అట్టి జపాను చిత్రకారులలో ముఖ్యుడు యొకొయామా తైకాన్. ఆయన చరిత్రలో పొగడదగిన భాగమును గలదు, నిలదీయవలసిన భాగమును గలదు. రెండవదానిని మరుగుపరచుట మాకు సమ్మతము గాదు.

తైకాన్ 1868లో మితో పట్టణమున నొక సమురాయి కుటుంబమున జన్మించెను. షోగునుల యధికారము కూలి మెయిజీ యుగము ప్రారంభమైనదియు నా సంవత్సరముననే. పాశ్చాత్యుల యంత్రములతోబాటు వారి యభిరుచులను గూడ జపాను దిగుమతి చేసికొనసాగెను. పూర్వుల చిత్రపటములును, బౌద్ధ విగ్రహములును చౌకగా చేతులు మారినవి. తైలవర్ణ చిత్రమే నాగరకతయని భ్రమించిన యా దినములలో ఎదురు నిలిచినవాడు ఒకకురా కాకుజో. 1889లో తెరువబడిన టోకియో కళాపాఠశాలలో మొదట స్వదేశ చిత్రలేఖనమే గాని పాశ్చాత్య చిత్రలేఖనము బోధింపబడలేదు. తైకాన్ అందు తొలి తరగతి విద్యార్థి, ఒకకురాకు ప్రియశిష్యుడు. 1898లో కక్షలవలన ఒకకురా అధ్యక్షపదవి కోల్పోగా, అక్కడనే బోధకుడుగా నున్న తైకాను సర్కారు జీతమును వదలి గురువు వెంట నడచెను. ఆ యేడే వారు నిహోన్ బిజుత్సుయిన్ అను కళాపరిషత్తును నెలకొల్పిరి. రాజాస్థానపు కుట్రలచే వెడలగొట్టబడిన చీనాకవి క్యూయువాన్ ను గాలివానలో నిలిపి తైకాన్ చిత్రించినదియు అప్పుడే. చూచినవారందరును ఆ కవియందు ఒకకురానే కనుగొనిరి.

స్వదేశకళ యనగా పాతపటములకు ప్రతులెత్తుట యని మనలో ననేకుల తలంపు. తైకానును, అతని మిత్రుడు హిషిదా షున్సోయును అట్లు తలంపలేదు. జపాను చిత్రమునకు ప్రాణమని యెంచబడిన నల్లని రేఖనే వారు విడిచి, పొడికుంచెతో రంగును మెత్తగా పరచి, గాలిని, తేమను, వెలుతురును చూపబూనిరి. విమర్శకులు దీనిని 'మోరోతాయ్', అనగా మసకరీతి, యని యెగతాళి చేసిరి. చిత్రములు అమ్ముడుపోలేదు.

ఇట్లు ఇంట నాదరణ లేని దినములలోనే 1903లో వారిరువురును కలకత్తాకు వచ్చిరి. అంతకు ముందటి యేడు వచ్చిన ఒకకురా ఠాకూరుల కుటుంబముతో స్నేహము గావించి యుండెను. తైకాన్ వెడల్పు కుంచెతో కాగితమును నీట తడుపుట చూచిన అవనీంద్రుడు, తాను చిత్రమునే నీట ముంచి యారబెట్టి మరల రంగు వేయు పద్ధతిని కల్పించుకొనెను. ఇచ్చిన చేతికి పుచ్చుకొనుటయు తెలియును. 1909లో తైకాన్ నదిలో దీపములు విడుచు భారతస్త్రీలను చిత్రించెను. ఆ వంగరీతియే ప్రమోదకుమార చటోపాధ్యాయుని ద్వారా మన మచిలీపట్టణపు ఆంధ్రజాతీయ కళాశాలకు చేరి, అడివి బాపిరాజు ప్రభృతులకు దారి చూపినది. కనుక ఈ చిత్రకారుడు మనకు పరాయివాడు గాడు.

1906లో పరిషత్తు చితికిపోగా వారు ఇజురా యను సముద్రతీర గ్రామమునకు తరలి లేమిననుభవించిరి. 1911లో షున్సో ముప్పదియారేండ్లకే మరణించెను, 1913లో గురువును పోయెను. మరుసటి యేడు తైకాన్ పరిషత్తును పునరుద్ధరించెను.

అతని పర్వతములను, నీటిని చూడగోరువారు 1923 నాటి దీర్ఘచిత్రమును చూడవలయును. సుమారు 40 మీటర్ల పట్టుబట్టపై కేవలము నల్లసిరాతో నొక నీటిబొట్టు చరిత్ర వ్రాసినాడు. కొండల మంచులో పుట్టి, సెలయేరై, నదియై, సముద్రమున గలసి, తుదకు ఘటసర్పముతో నాకాశమునకెగయును. దానిని ప్రదర్శించిన సెప్టెంబరు 1ననే టోకియోను భూకంపము నేలమట్టము గావించెను. చిత్రము దక్కినది.

ఇక రెండవ భాగము. 1940లో తైకాన్ పది సముద్రచిత్రములను, పది పర్వతచిత్రములను వ్రాసి విక్రయించి, వచ్చిన 5 లక్షల యెన్నులను సైన్యమునకును, నౌకాదళమునకును ధారవోసెను. ఆ సొమ్ముతో నాలుగు యుద్ధవిమానములు తయారై 'తైకాన్' అను పేరనే యెగిరినవి. అప్పటికి మూడేండ్లుగా ఆ సైన్యము చీనాను మండించుచుండెను. క్యూయువాన్ దేశమునే! సిరా, కుంచె యను విద్యయంతయు ఏ దేశమునుండి వచ్చినదో ఆ దేశమునే! 1943లో యుద్ధకాలపు కళాకారుల దేశసేవాసంఘమునకు నతడే యధ్యక్షుడు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు విడిచినవి. తైకాన్ విమానములే వచ్చినవని మేమనము, సాక్ష్యము లేని నేరమారోపించుట న్యాయవాదికి తగదు. కాని ఆసియా యంతయు నొక్కటేయని బోధించిన గురువు శిష్యుడు విమానములకు సొమ్మిచ్చి సాగనంపిన సైనికబలమే మన తీరమునకును వచ్చినదనుట రుజువైన సంగతి. దేశభక్తిచే నట్లు చేసినాడందురు. ఏ దేశభక్తి సర్కారు జీతమును విడువజేసినదో అదియే సర్కారు యుద్ధమునకు సొమ్ము కూర్చినది. ఆ రెంటి నడుమ నెచ్చట దారి తప్పినదో జాతీయవాదులమగు మనమే ముందుగా విచారింపవలయును. ఈ ప్రశ్న జపాను వారికి మాత్రమే గాదు.

ఓటమి తరువాతను ఆయన ఫూజీ శిఖరమును చిత్రించుచునే యుండి 1958లో మరణించెను. మన పఠనమందిరములలో నెవరైన నా ఫూజీ చిత్రపు ప్రతిని గోడకు తగిలింపగోరినచో మాకు అభ్యంతరము లేదు. క్రింద మాత్రము 1903, 1940 అను రెండు సంవత్సరములను వ్రాయింపుడు.