తుపాను వ్రాసిపోయిన పద్దు

మన వైపు పెద్దవాళ్ళకు సంవత్సరాల అంకెల కంటె గాలివానల గుర్తులే ఎక్కువగా పనికివస్తాయి. "ఆ గాలివాన యేడే మా పెద్దాడు పుట్టాడు" అంటారు. "కొబ్బరిచెట్లు పడిపోయిన యేడు పిల్ల పెళ్ళి చేశాం" అంటారు. సుఖంగా గడిచిన ఏళ్ళు పదీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి గాని, చెడ్డ రోజు మాత్రం చెరిగిపోదు. భూమి కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో పద్దు వ్రాసుకుంటుందంటే పాఠకులు నవ్వుతారేమో! నవ్వినా సరే, ఈ వారం ఆ సంగతే చెప్పదలిచాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటి, విజయనగరం జిల్లాను కూడా అతలాకుతలం చేసింది. నాలుగేళ్ళు తిరిగాయో లేదో, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు నేలకూలాయి. కూలిన చెట్లను, ఎగిరిపోయిన ఇంటికప్పులను మనం లెక్కవేసుకున్నాం. అదే సమయంలో సముద్రం అడుగున ఏం జరిగిందో చూసిన వాడు మాత్రం లేడు.

కళింగపట్నంలో ఒక ముసలి జాలరిని ఈ మాటే అడిగాను. "పెద్ద గాలికి పది బారల లోతున కూడా నీళ్ళు కలకబారిపోతాయి బాబూ, వల నిండా మన్నే వొస్తాది" అన్నాడు. బార అంటే రెండు చేతులూ చాచినంత కొలత, సుమారు ఆరడుగులు. అరవై అడుగుల కింద ఉన్న మట్టిని పైన వీచే గాలి ఎలా కదిపింది?

గాలి కదపదు, కెరటం కదుపుతుంది. ఒక కెరటం శిఖరానికీ, దాని వెనుక వచ్చే కెరటం శిఖరానికీ మధ్య ఎంత దూరమో, అందులో సగం లోతు వరకు నీటిలో ఆ కదలిక తెలుస్తుంది. అది దాటితే దాదాపు ఏమీ ఉండదు. మామూలు రోజున ఆరు సెకన్ల కొకటి చొప్పున వచ్చే కెరటాల మధ్య లోతునీటిలో దూరం సుమారు 56 మీటర్లు. వాటి ప్రభావం 28 మీటర్లకు మించి పోదు. తుపానులో పన్నెండు సెకన్ల కొకటి వస్తాయనుకోండి. వ్యవధి రెట్టింపయితే దూరం రెట్టింపు కాదు సుమా, నాలుగింతలవుతుంది! 225 మీటర్ల దూరం, 110 మీటర్లకు పైగా లోతు. ఈ లోతు చివరి అంచున కదలిక అతి స్వల్పం గనుక, ఇసుక నిజంగా లేచేది ఇంతకంటె చాలా పైననే. అయినా ఏడాది పొడుగునా నిశ్చింతగా నిద్రపోయే సముద్రపు నేల ఆ ఒక్క రాత్రి ఉలిక్కిపడి లేస్తుందన్న మాట నిజం.

లేచిన తరువాత జరిగే పని ఒక క్రమంలో జరుగుతుంది. మొదట కెరటాలు అడుగున ఉన్న బురదను కోసివేస్తాయి. పెళ్లలు పెళ్లలుగా లేచిన బురద, ఒడ్డు నుంచి కొట్టుకొచ్చిన ఇసుక, అంతా నీళ్ళలో కలిసిపోతాయి. గాలి కాస్త తగ్గుముఖం పట్టగానే ముతక ఇసుక ముందుగా దిగుతుంది, దాని మీద సన్న ఇసుక. ఇంకా కెరటాలు ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటాయి గనుక ఆ ఇసుక చదునుగా మేటవేయదు. జానెడు, మూరెడు ఎత్తున గుండ్రటి మిట్టలుగా, వాటి మధ్య పల్లాలుగా సర్దుకుంటుంది. మిట్టకూ మిట్టకూ మధ్య కొన్ని అడుగుల దూరం. ఒకదాని మీద ఒకటి పరిచిన పాత బొంతలు ఒకచోట ఉబ్బి, ఒకచోట కుంగి ఉంటాయే, అలాగన్నమాట. ఇంకా శాంతించాక పైన చిన్న చిన్న అలల గీతలు పడతాయి. చివరకు అంతా సద్దుమణిగి, సన్నని ఒండ్రు నెమ్మదిగా దిగి, దుప్పటిలా కప్పుతుంది.

ఇందులో నాకు మహా వింతగా తోచిన విషయం ఒకటి ఉన్నది. అడుగు మందం ఉన్న ఇసుక పొర ఒక రాత్రిలో, మహా అయితే రెండు మూడు రోజుల్లో పడుతుంది. దాని పైన అంగుళమైనా లేని బురద పొర పడడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టవచ్చు. మందం చూసి కాలాన్ని కొలవబోతే లెక్క తల్లకిందులవుతుంది. రాతి పుస్తకంలో ఎక్కువ జాగా ఆక్రమించినవి చెడ్డ రోజులే!

ఇలాంటి పొరలు మీద మీద పడి, పై బరువుకు నలిగి, ఇసుక రేణువుల మధ్య సందుల్లో సిలికా వంటి పదార్థాలు చేరి గట్టిపడితే ఇసుకరాయి అవుతుంది. ఆ రాతిని నిలువుగా కోసినచోట మిట్టపల్లాల వంపులు ఇప్పటికీ కనిపిస్తాయి. 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ అమరికకు హమ్మకీ అనే పేరు పెట్టారు. అలల గీతలు కూడా సాక్ష్యం చెబుతాయి. ఏటి ప్రవాహం గీసిన గీతకు ఒక పక్క వాలుగా, రెండో పక్క నిటారుగా ఉంటుంది. ముందుకూ వెనక్కూ ఊగిన కెరటం గీసిన గీతకు రెండు పక్కలూ ఒకే తీరు.

మరి ఆ వ్రాత మన విజయనగరం, శ్రీకాకుళం కొండల మీద కనిపిస్తుందా? కనిపించదు. అలాగని ఇక్కడ సముద్రం లేక కాదు. మన కొండల్లో విస్తారంగా ఉన్న రాతిని ఖొండలైటు అంటారు. 1902లో వాకర్ అనే ఆయన ఈ కొండల్లో నివసించే ఖోండుల పేరు మీదుగా ఆ పేరు పెట్టాడు. పూరీ, కోణార్క దేవాలయాలకు వాడిన రాయి ఇదే. ఒకప్పుడు ఇది నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. తరువాత భూమి లోతుకు కుంగి, ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల వేడికి ఉడికి, బురద కాస్తా ఎర్రని గార్నెట్టు గింజలుగా మారింది. పుస్తకం ఇక్కడే ఉన్నది గాని అక్షరాలు కాలిపోయాయి.

కాలని పుస్తకం చూడాలంటే కొండ దాటాలి. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఘాటెక్కి, కొరాపుట్టు, జయపురం దాటి జగదల్పూరు చేరితే, అక్కడికి దగ్గరలోనే చిత్రకోట జలపాతం. ఇంద్రావతి సుమారు తొంభై అయిదు అడుగుల ఎత్తు నుంచి దూకేది ఇసుకరాతి అంచు మీది నుంచే. చాలామంది నీళ్ళు చూసి, ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. ఈసారి వెళ్ళినవారు నీటి పక్కన పొరలు పొరలుగా పేర్చినట్టున్న రాతిని కూడా ఒకసారి చూడండి. వంద కోట్ల సంవత్సరాలు దాటిన ఇసుక అది. ఇంకా ఉత్తరాన, ఛత్తీస్‌గఢ్‌లోని చంద్రపూర్ ఇసుకరాళ్ళలో తుపాను కెరటాలు కూర్చిన పొరలను మన దేశపు శాస్త్రజ్ఞులే వివరంగా వర్ణించారు. ఆనాటి సముద్రంలో చేప లేదు, పీత లేదు, గవ్వ లేదు. కంటికి కనబడని సూక్ష్మజీవులే తప్ప. అందువల్ల ఒక లాభం కలిగింది. నేటి సముద్రపు నేలను పురుగులు, పీతలు తొలిచి, కలిపివేస్తాయి. ఆనాడు తొలిచేవారు లేరు గనుక వ్రాసింది వ్రాసినట్టే నిలిచింది.

"వంద కోట్ల ఏళ్ళనాటి గాలివానతో మనకేం పని?" అని ఇంట్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో వాతావరణ శాఖ ఏర్పడినది 1875లో. అంటే పద్ధతి ప్రకారం వ్రాసిన లెక్క నూటయాభై ఏళ్ళది మాత్రమే. మూడు నాలుగు వందల ఏళ్ళ కొకసారి వచ్చే మహాతుపాను ఉంటే, అది ఈ లెక్కలో ఒక్కసారైనా పడకపోవచ్చు. ఓడరేవు కట్టేవారికి, తీరాన ఇల్లు కట్టుకునేవారికి కావలసినది ఆ లెక్కే. పాత రాళ్ళలో నేర్చుకున్న చదువు ఇక్కడ అక్కరకు వస్తుంది. తీరాన ఇసుకదిబ్బల వెనుక ఉండే మడుగుల్లో ఏడాది పొడుగునా బురద చేరుతుంది. పెద్ద ఉప్పెన వచ్చినప్పుడు మాత్రం దిబ్బ దాటి ఇసుక వచ్చి ఒక పొర వేస్తుంది. గొట్టం దింపి ఆ మట్టిని పైకి తీసి, ఇసుక పొరలను లెక్కిస్తే పాత తుపానులు బయటపడతాయి. అమెరికాలోని అలబామా తీరాన ఒక సరస్సులో ఇలా మూడు వేల ఏళ్ళకు పైబడిన లెక్క తీసి 1993లో ప్రకటించారు.

ఈ లెక్క నిలవాలంటే దిబ్బా ఉండాలి, మడుగూ ఉండాలి. ఇంటికి ఇసుక కావాలని దిబ్బను తవ్వి బండ్ల కెత్తినా, మడుగును పూడ్చి చదును చేసినా, రెండు నష్టాలు. ఉప్పెనకు అడ్డు నిలిచే గోడ పోతుంది. వెనుకటి ఉప్పెనలు ఎంతవరకు వచ్చాయో చెప్పే చిట్టా కూడా పోతుంది. రాతిలో వ్రాసినది మనం చెరిపినా చెరగదు గాని, మడుగులో వ్రాసినది పలుగూ పారా చాలు, ఒక్క రోజులో పోతుంది. మీ ఊరి దిబ్బ మీద సరుగుడు చెట్లు ఇంకా నిలిచి ఉంటే, వాటి కింద ఇసుకను అలాగే ఉండనివ్వండి.