ఫుట్‌బాల్, రగ్బీలకు ఉమ్మడి మైదానం: నందికొట్కూరు వంటి పట్టణాలకు అనువైన మార్గం

ఫుట్‌బాల్‌కు ఒకటి, రగ్బీకి మరొకటి చొప్పున స్టేడియంలు నిర్మించడం నందికొట్కూరు వంటి చిన్న పట్టణాలకు తలకు మించిన భారం. ఉమ్మడి మైదానమే ఆచరణసాధ్యం. అయితే ఆ నిర్ణయం నక్షా దశలోనే జరగాలి.

ఫుట్‌బాల్ అంతర్జాతీయ పోటీలకు 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ప్రామాణికం. రగ్బీకి కూడా వెడల్పు 68 నుంచి 70 మీటర్లే. గోల్ గీతల మధ్య పొడవు 94 నుంచి 100 మీటర్లు కాగా, వాటి వెనుక ఇరువైపులా కనీసం 6 మీటర్ల చొప్పున అదనపు స్థలం అవసరం. గ్యాలరీలు కట్టిన తరువాత ఈ స్థలం దొరకదు. గోల్ స్తంభాలు ఊడదీసి బిగించుకునేవైతే చాలు.

వేల్స్ దేశంలోని స్వాన్సీలో 2005లో ప్రారంభమైన స్టేడియాన్ని స్వాన్సీ సిటీ ఫుట్‌బాల్ క్లబ్, ఆస్ప్రేస్ రగ్బీ జట్టు పంచుకున్నాయి. తెలుగునాట ఉమ్మడి వినియోగానికి దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు వేదికైన ఈ అథ్లెటిక్స్ ప్రాంగణంలోనే 2024 నవంబరులో భారత్, మలేషియా ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. పరుగు ట్రాక్ కారణంగా ప్రేక్షకులు మైదానానికి దూరమవడం ఇటువంటి ప్రాంగణాలలో తప్పని లోపం.

అసలు సమస్య పచ్చిక. రగ్బీ స్క్రమ్‌లో ఆటగాళ్ల ఒత్తిడికి గడ్డి పెళ్లలుగా లేస్తుంది. తిరిగి మొలవడానికి నీరు, విరామం రెండూ కావాలి. మండలంలోని మల్యాల వద్దే హంద్రీ-నీవా ఎత్తిపోతలు మొదలవుతున్నా, సాగు, తాగునీటి అవసరాలను కాదని ఆ నీటిని ఆటస్థలానికి మళ్లించడం సమంజసం కాదు. కృత్రిమ పచ్చిక పరిస్తే నీటి ఖర్చు తగ్గుతుంది కానీ, రాయలసీమ ఎండలకు అది విపరీతంగా వేడెక్కుతుంది. పైగా రగ్బీలో ఆటగాళ్లు తరచూ నేలకొరుగుతారు కనుక పచ్చిక అడుగున దెబ్బను తట్టుకునే మెత్తటి పొర తప్పనిసరి. టెండరు షరతులలో ఈ ప్రమాణాన్ని చేర్చకుంటే ఆ మైదానం ఫుట్‌బాల్‌కే పరిమితమవుతుంది.