పట్టింది కండా? కొవ్వా?

మా వీధి జిమ్‌లో కొత్త మెషీన్ పెట్టారు. వట్టి కాళ్లతో ఎక్కితే నిమిషంలో చీటీ చేతికొస్తుంది: కొవ్వు ఇంత శాతం, కండ ఇంత, నీరు ఇంత. పొద్దున ఎక్కితే నా కొవ్వు 27 శాతమంది. సాయంత్రం 25. ఇడ్లీ, భోజనం, రెండు కాఫీలు పడ్డాక కొవ్వు తగ్గిందట!

తప్పు మెషీన్‌ది కాదు, దాన్ని నమ్మిన నాది. అది కొవ్వును చూడదు. అరికాళ్ల నుంచి సన్నటి కరెంటు పంపుతుంది. నీరున్న కండలో కరెంటు సులువుగా పారుతుంది, కొవ్వులో అంతగా పారదు. ఆ తేడాను బట్టి లెక్క కడుతుంది. నీళ్లు తాగినా, చెమట పట్టినా లెక్క మారుతుంది.

ఉత్త బరువును నమ్ముకున్నా ఇదే గొడవ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగాట్‌ను, బరువు పరిమితిని మించిన 100 గ్రాములు ఫైనల్‌కు దూరం చేశాయి. ఆ వంద గ్రాములు నీరా, కండా అని కాటా అడగలేదు.

బరువును ఎత్తుతో ముడిపెట్టే బీఎంఐ సంగతి? 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది: పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2. యుడ్కిన్ అప్పట్లో మారథాన్‌లు పరిగెత్తేవారు. యాజ్ఞిక్ పరుగల్లా ఆస్పత్రి లిఫ్టు తలుపు మూసుకునేలోపు దూరడానికేనని వాళ్లే చమత్కరించారు.

నవ్వొస్తుంది గానీ, అందులో ఉన్నది మనమే. సన్నటి కాళ్లూ చేతులూ, నడుమ చిన్న బొజ్జ. బొజ్జ కొవ్వుకూ షుగరుకూ లంకె ఉన్నా, ‘బక్కగా ఉన్నాడు, వాడికి షుగరేంటి?’ అంటాం. బొజ్జ వస్తే ‘కాస్త ఒళ్లు చేశాడు’ అని సంతోషిస్తాం. అందుకే మన డాక్టర్లు బీఎంఐ 23 దాటగానే అధిక బరువంటారు. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ప్యాంటు సైజు సాక్ష్యం చెల్లదు, అది ఎప్పుడో బొజ్జ కిందికి జారిపోయింది.

జిమ్ చీటీ పక్కన పెట్టండి. మీ ఎత్తుకు సరిపడా దారం తెంపి, దాన్ని సగానికి కత్తిరించండి. ఒక ముక్కను పక్కటెముకలకూ తుంటి ఎముకకూ మధ్య చుట్టండి. పొట్ట లోపలికి లాగకండి, చూసేది మీరే కదా! కొసలు కలిస్తే సంతోషం. కలవకపోతే, ఎంత బక్కగా ఉన్నా సరే, ఈ వారమే షుగరు పరీక్ష చేయించుకోండి.